పేటెంట్ వస్తే లాభం వచ్చినట్టేనా? బల్క్ డ్రగ్స్‌లో నేను చూసింది

మీరు అడిగింది ఇది: ఆర్మూర్ దగ్గర మీ తమ్ముడు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో పసుపు ఉడకబెట్టే యంత్రం ఒకటి చేశాడు. మామూలు బాయిలర్ కంటే కట్టెలూ నీళ్లూ తక్కువ పడుతున్నాయి. దానికి ఇక్కడా, ఇంకో నాలుగైదు దేశాల్లోనూ పేటెంట్ తీసుకుంటే కంపెనీ పెట్టి లాభాలు చూడొచ్చని ఎవరో చెప్పారు. ఆ ఖర్చు కోసం పొలం తాకట్టు పెడదామని ఇంట్లో అనుకుంటున్నారు. పెట్టొచ్చా?

పెట్టకండి. ఎందుకో నిదానంగా చెబుతాను.

నేను కెమిస్టుని. 1994లో ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ కంపెనీల్లో, అంటే మాత్రల్లో వేసే అసలు మందు పొడిని తయారుచేసే చోట్ల, పదిహేనేళ్లు పనిచేశాను. 2009లో ఇద్దరు స్నేహితులతో కలిసి జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్ అద్దెకు తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో మా కంపెనీ పేరు మీద రెండు పేటెంట్లు వచ్చాయి. ఒకటి మాకు రూపాయి తేలేదు. రెండోది తెచ్చింది, కానీ మేము అనుకున్న దారిలో కాదు. వీటికంటే ఎక్కువ సంపాదించి పెట్టిన పద్ధతికి అసలు పేటెంటే లేదు.

మొదటిది ముందు చెబుతాను. బీపీ మందు తయారీలో మధ్య దశలో వచ్చే ఒక పదార్థాన్ని, మేము ఇంటర్మీడియట్ అనేదాన్ని, అప్పట్లో అందరూ మూడు స్టెప్పుల్లో చేసేవారు. మేము ఆరు నెలలు రాత్రింబవళ్లు కూర్చుని రెండు స్టెప్పులకు తెచ్చాం. ఈల్డ్, అంటే చేతికొచ్చే సరుకు, బాగా పెరిగింది, కిలోకి ఖర్చు తగ్గింది. ఆనందం పట్టలేక 2010లో పేటెంటుకు ఫైల్ చేశాం. చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి దరఖాస్తు నంబరు వచ్చిన రోజు స్వీట్లు పంచాం. ఇక మాకు తిరుగులేదనుకున్నాం.

దరఖాస్తు వేసిన 18 నెలలకు అది పబ్లిష్ అవుతుంది. అంటే మనం ఏ రసాయనం ఎంత వేశాం, ఎంత వేడి చేశాం, ఎన్ని గంటలు కలిపాం, అన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. పేటెంట్ పద్ధతే అది. మీరు రహస్యం బయటపెడతారు, బదులుగా ప్రభుత్వం ఫైలింగ్ తేదీ నుంచి 20 ఏళ్లు ఇతరుల్ని ఆపే హక్కు ఇస్తుంది. మాది పబ్లిష్ అయిన ఏడాది లోపలే ఇంకో కంపెనీ మా రేటు కంటే తక్కువకు అదే సరుకు అమ్మడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చి చేరిన ఒక కుర్రాడు చెప్పాడు: వాళ్లు మా దరఖాస్తు ప్రింట్ తీసుకుని ముందు పెట్టుకుని పనిచేశారట. మా క్లెయిమ్‌లో, అంటే ఇంతవరకు మాది అని దరఖాస్తులో గీసుకునే హద్దులో, ఒక సాల్వెంట్ (కరిగించే ద్రవం) పేరు రాశాం. వాళ్లు దాని చుట్టం లాంటి ఇంకో సాల్వెంట్ వాడారు. అంతే, మా క్లెయిమ్ బయటికి వెళ్లిపోయారు.

పోనీ మా సాల్వెంటే వాడినా మేము ఏం చేయగలిగేవాళ్లం? రియాక్షన్ జరిగేది నాలుగు గోడల మధ్య మూత వేసిన రియాక్టర్లో. బయటికి వచ్చేది తెల్లటి పొడి. ఆ పొడిని చూసి ఏ దారిలో చేశారో కోర్టులో నిరూపించడం చాలా కష్టం. కొత్త పదార్థమైతే నిరూపించే భారాన్ని ఎదుటివాడి మీద వేసే వీలు చట్టంలో ఉంది. మాది పాత మందు, ఆ దారిలో మాకు సాయం అందదు. పైగా లాయరు ఫీజు మా ఏడాది లాభం కంటే ఎక్కువ.

2017లో పేటెంట్ మంజూరైంది. అప్పటికి ఆ ఇంటర్మీడియట్ ధర సగానికి పైగా పడిపోయి, మేమే దాన్ని చేయడం మానేశాం. రెండేళ్లు రెన్యూవల్ కట్టి వదిలేశాం. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ ఆఫీసు గోడకు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఆరు నెలల కష్టం గుర్తొచ్చి బాధేస్తుంది.

అదే రోజుల్లో మా ప్లాంట్ సూపర్‌వైజర్ ఇంకో సంగతి పట్టుకున్నాడు. క్రిస్టల్స్ వడకట్టాక మిగిలే ద్రావణంలో, అంటే మేము ఎంఎల్ అనే దాంట్లో, సరుకు కొంత వృథాగా పోతోంది. ఎంత నెమ్మదిగా చల్లబరచాలి, ఏ దశలో విత్తనం లాగా కొన్ని క్రిస్టల్స్ వేయాలి అన్నది అతను మార్చి మార్చి చూసి కుదిర్చాడు. ఇది కాగితం మీద పెడితే ఎవరైనా నేర్చుకుంటారు. పెట్టకపోతే, పూర్తయిన సరుకు చూసి ఎవరూ కనిపెట్టలేరు. అందుకే ఫైల్ చేయలేదు. తెలిసినవాళ్లం నలుగురమే. ఈ రోజుకీ మా మార్జిన్ అక్కడి నుంచే వస్తోంది. ఆ సూపర్‌వైజర్‌కు కంపెనీలో వాటా ఇచ్చాం. అది ఇవ్వాల్సిందే, ఎందుకంటే అతను వెళ్లిపోతే ఆ పద్ధతి కూడా అతనితో వెళ్లిపోతుంది. రహస్యంగా దాచుకోవడంలో ఉన్న రిస్క్ అదే.

రెండో పేటెంట్ కథ వేరు. యూరప్ నుంచి ఒక కస్టమర్ శాంపిల్ చూసి నచ్చిందన్నాడు, కానీ ఒక కండిషన్ పెట్టాడు. ఆ మందు కనిపెట్టిన అసలు కంపెనీకి తయారీ పద్ధతి మీద కూడా పేటెంట్లు ఉన్నాయి, మీ పద్ధతి వాటిలో దేన్నీ తాకడం లేదని చూపించండి అన్నాడు. మేము ఒక పేటెంట్ ఏజెంట్‌తో కూర్చుని అవతలివాళ్ల క్లెయిమ్‌లు ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ తేడా ఉందో రాసుకున్నాం. ఆ తేడా మీదే మా సొంత దరఖాస్తు వేశాం. సొంత పేటెంట్ ఉన్నంత మాత్రాన ఇంకొకరి పేటెంటును తాకడం లేదని అర్థం కాదు, ఇది చాలామంది పొరబడే చోటు. అయినా ఆ పరిశీలన, ఆ దరఖాస్తు రెండూ కలిసి కస్టమర్‌కు ధైర్యం ఇచ్చాయి. ఆర్డర్లు నాలుగేళ్లు వచ్చాయి. ఆ పేటెంటుతో మేము ఎవర్నీ ఆపలేదు. ఒక తలుపు మాత్రం తెరుచుకుంది. ఆ తలుపు తెరుచుకునే నాటికి మా దగ్గర టైమ్‌కు సరుకు ఇచ్చే ప్లాంటు, క్వాలిటీ రికార్డులు ఉన్నాయి కాబట్టి లోపలికి వెళ్లగలిగాం.

మా రంగంలో ఈ విషయం పెద్ద కంపెనీల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఇన్ని మందుల కంపెనీలు రావడానికి ఒక ముఖ్య కారణం మన 1970 పేటెంట్ చట్టం. మందుకు పేటెంట్ లేదు, తయారీ పద్ధతికి మాత్రమే ఉండేది. అందుకని వేరే దారిలో అదే మందు చేయడం నేర్చుకున్న కెమిస్టులు ఇక్కడ వందల్లో తయారయ్యారు. 2005 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది. ఈలోగా మనవాళ్లు ఇంకో ఆట నేర్చారు. అమెరికాలో ఒక పేటెంటును సవాలు చేసి మొదట దరఖాస్తు పెట్టిన జనరిక్ కంపెనీకి (ఇంకొకరు కనిపెట్టిన మందునే తక్కువ ధరకు చేసే కంపెనీకి), నెగ్గితే 180 రోజులు ఇతర జనరిక్‌లు రాకుండా అమ్ముకునే వీలుంటుంది. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్‌కు డిప్రెషన్ మందు ప్రోజాక్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్ జనరిక్ మీద అది దక్కింది. భారతీయ కంపెనీకి అదే మొదటిసారి. నేను అప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. మా ల్యాబ్‌లో వారం రోజులు అదే మాట. అక్కడ డబ్బు వచ్చింది సొంత పేటెంట్ వల్ల కాదు, ఇంకొకరి పేటెంట్ ఎక్కడ బలహీనంగా ఉందో క్షుణ్ణంగా చదవడం వల్ల.

పేటెంట్ తీసుకుని సరుకును జనానికి అందించకపోతే ఏమవుతుందో కూడా హైదరాబాద్ కంపెనీ వల్లే దేశానికి తెలిసింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ అనే మందు మీద జర్మనీ కంపెనీ బేయర్‌కు అప్పట్లో పేటెంట్ ఉండేది. నెల మందు ధర అప్పుడు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. ఎంతమంది కొనగలరు? 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంట్ ఉన్నవాళ్లు ఒప్పుకోకపోయినా ఆ మందు చేసుకునే అనుమతి, ఇచ్చారు. నెలకు 8,800 రూపాయలకు అమ్మాలి, బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టాలి అన్నారు. తర్వాత ఆ రాయల్టీని 7 శాతం చేశారు. మందు అవసరమైనంత మందికి అందడం లేదు, అందుబాటు ధరలో లేదు, ఆ పేటెంటుతో ఇక్కడ తయారీ లేదు అన్నవి కారణాలు. పేటెంట్ ఉన్నవాళ్లు దాన్ని దేశంలో ఎంతవరకు వాడుతున్నారో ఫారం 27లో చెప్పాలన్న నియమం ఈ ఆలోచన నుంచి వచ్చిందే. నాకు ఈ నియమం చాలా ఇష్టం. ఒక క్యాన్సర్ రోగి ఇంట్లో ఆ 8,800కీ ఆ 2 లక్షల 80 వేలకూ ఉన్న తేడా ఏమిటో మా బంధువుల ఇంట్లోనే చూశాను.

మందులు వదిలి యంత్రాలకు వస్తే, నాకు తరచూ గుర్తొచ్చేది ఈఎంఐ కంపెనీ. మ్యూజిక్ రికార్డులు అమ్మే బ్రిటిష్ కంపెనీయే, కానీ సీటీ స్కానర్ పుట్టింది అక్కడ. హౌన్స్‌ఫీల్డ్ అనే వాళ్ల ఇంజనీరు చేసిన యంత్రంతో 1971లో లండన్‌లో మొదటి రోగి మెదడు స్కాన్ తీశారు. ఆయనకు 1979లో నోబెల్ వచ్చింది. పేటెంట్లు ఉన్నాయి, పేరు ఉంది. కానీ ఆస్పత్రులకు యంత్రాలు అమ్మి, చెడిపోతే వెంటనే వెళ్లి బాగుచేసే యంత్రాంగం వాళ్లకు లేదు. అమెరికాలోని జీఈ లాంటి కంపెనీలకు అది ఎప్పటి నుంచో ఉంది. కొన్నేళ్లలోనే మార్కెట్ చేతులు మారింది, ఈఎంఐ స్కానర్ల వ్యాపారం నుంచి తప్పుకుంది.

ఇప్పుడు మీ తమ్ముడి యంత్రం సంగతి. మా ప్రాసెస్‌కూ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. మాది గోడల మధ్య దాగేది. మీది రైతు కల్లంలో నలుగురి ముందు నిలబడేది. ఎవరైనా కొలతలు తీసుకుని వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. దాచలేని దానికి పేటెంట్ తీసుకోవడంలో అర్థం ఉంది, కాపీ కొడితే కంటికి కనిపిస్తుంది కూడా. కాబట్టి మన దేశంలో తీసుకోవాలనే నా అభిప్రాయం.

ఖర్చుకు భయపడక్కర్లేదు. వ్యక్తులకూ స్టార్టప్‌లకూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని కోరడానికి 4,000. రెన్యూవల్ మూడో ఏడాది నుంచి మొదలై, ఏడాదికి 800 నుంచి చివరి ఏళ్లలో 8,000 దాకా వెళ్తుంది. ఏజెంట్ ఫీజు వేరు, నలుగురిని అడిగి చూడండి. భూమి తాకట్టు పెట్టించేది విదేశాల ఫైలింగ్. అది ఇప్పుడు అనవసరం. ఆర్మూర్‌లో పది యంత్రాలు అమ్మకముందే బయటి దేశాల్లో ఎవరిని ఆపుతారు, ఆపడానికి లాయరును ఎక్కడి నుంచి తెస్తారు? పేటెంట్ చూపిస్తే బ్యాంకు లోన్ ఇస్తుందని కూడా లెక్క వేసుకోకండి. మేము వెళ్లినప్పుడు మేనేజర్ గారు సర్టిఫికెట్ చూసి మనస్ఫూర్తిగా అభినందించి, స్థలం కాగితాలు అడిగారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఫైల్ చేసేదాకా యంత్రాన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టొద్దు, యూట్యూబ్‌లో వీడియో వేయొద్దు. ముందే అందరికీ తెలిసిపోతే అది కొత్తది కాదంటారు. ఇప్పటికే కాలేజీ ప్రాజెక్టు డేలో చూపించి ఉంటే ఆ తేదీతో సహా ఏజెంట్‌కు చెప్పండి. కాలేజీ వర్క్‌షాపు వాడుకుని ఉంటే హక్కు ఎవరిదో, ఎవరి పేర్లు ఉండాలో వాళ్లతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు వేస్తే పూర్తి స్పెసిఫికేషన్ (క్లెయిమ్‌లతో సహా యంత్రం పూర్తి వివరణ) ఇవ్వడానికి 12 నెలల టైమ్ దొరుకుతుంది. ఆ 12 నెలల్లో ఒక పసుపు సీజన్ మొత్తం వచ్చేలా చూసుకోండి. ఆర్మూర్, బాల్కొండ వైపు నలుగురు రైతులకు యంత్రం అద్దెకు ఇవ్వండి, ఉచితంగా వద్దు. డబ్బు పెట్టినవాడే లోపాలు నిజంగా చెబుతాడు. ఎన్ని క్వింటాళ్లకు ఎన్ని కట్టెలు కాలాయి, ఎంతమంది కూలీలు పట్టారు, కొమ్ము లోపలిదాకా ఉడికిందా, ఎండాక రంగు ఎలా ఉంది, మార్కెట్ యార్డులో ఏ రేటు పలికింది, అన్నీ రాసుకోండి. అర్ధరాత్రి గ్యాస్కెట్ లీకైతే ఎవరు వెళ్తారో ముందే అనుకోండి. ఈఎంఐ దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

మన చేనేతలోనూ ఒక మంచి ఉదాహరణ ఉంది. చింతకింది మల్లేశం గారు ఆసు (నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పే పని) పోయలేక అమ్మ చేతులు పడే నొప్పి చూసి, 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం పూర్తిచేశారు. తల్లి లక్ష్మి పేరే పెట్టారు. పేటెంట్ ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చింది. ఆలోగానే ఆ యంత్రం పోచంపల్లి చీరలు నేసేవాళ్ల ఇళ్లలోకి వెళ్లింది, ఎందుకంటే గంటల తరబడి చేతులు ఆడించే పని తప్పింది. వాళ్లకు పేటెంట్ నంబరుతో పనిలేదు.

మీ నలుగురు రైతుల్లో ఇద్దరైనా వచ్చే సీజన్‌కు అడ్వాన్స్ ఇస్తామంటే, అప్పుడు మంచి ఏజెంట్‌ను పెట్టుకుని పూర్తి స్పెసిఫికేషన్ రాయించండి. రాయించేటప్పుడు మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టండి. తన యంత్రాన్ని తనే కాపీ కొట్టాలంటే ఎన్ని రకాలుగా కొట్టవచ్చో, గొట్టం ఎటు తిప్పినా, రేకు బదులు ఏది వాడినా, అన్నీ ఒక కాగితం మీద రాసి ఏజెంట్‌కు ఇవ్వమనండి. 2010లో మేము ఆ ఒక్క పని చేయలేదు.