సమాధానం: నాన్నకు సెప్సిస్ వస్తే పిల్లలకూ వస్తుందా?

రాయగడ నుంచి అడిగిన అన్నగారూ, నాన్నగారు, పెదనాన్నగారు ఇద్దరూ సెప్సిస్‌తోనే పోయారంటే పిల్లల గురించి మీ టెన్షన్ అర్థమవుతోంది. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒళ్లు అదుపు తప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం. అది వారసత్వంగా రాదు. ఇన్ఫెక్షన్‌ను ఒళ్లు ఎలా ఎదుర్కొంటుందన్న దాంట్లో మాత్రం జన్యువుల పాత్ర ఉంది. 1988లో వెలువడిన డెన్మార్క్ దత్తపిల్లల అధ్యయనంలో, కన్నవాళ్లు 50 ఏళ్లలోపు ఇన్ఫెక్షన్‌తో చనిపోయినవారికి అలాంటి ముప్పు దాదాపు 6 రెట్లు కనిపించింది. రోగనిరోధక శక్తికి సంబంధించిన టీఎల్‌ఆర్4, టీఎన్‌ఎఫ్ జన్యువుల మీద ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి. ఆ టెస్టులకు డబ్బు తగలేయకండి.

మన ఒడిశా వైపు ముందు చూడాల్సింది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వారసత్వ జబ్బు. ఆ జబ్బులో ఇన్ఫెక్షన్లను అడ్డుకునే ప్లీహం (స్ప్లీన్) దెబ్బతింటుంది, న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా రక్తంలో చేరితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకు సికిల్ సెల్‌ను పట్టే రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించండి. క్యారియర్ (ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చి, జబ్బు లేనివారు) అయితే మామూలుగా ఈ భయం లేదు. జబ్బే తేలితే టీకా, పెన్సిలిన్ గురించి డాక్టర్‌ని అడగండి. 101 డిగ్రీల జ్వరం దాటితే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.