పాఠకుల ప్రశ్నలు: ఘాట్ ఎక్కే విద్యుత్ ట్రక్కు

ప్రశ్న: కిరాణా సరుకుల రవాణాకు చిన్న విద్యుత్ ట్రక్కు కొన్నాను. ఊళ్లో తిరిగినప్పుడు ఛార్జింగు బాగానే నిలుస్తోంది గానీ, గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి లోడుతో వెళితే త్వరగా తరిగిపోతోంది. బ్యాటరీ చెడిందంటారా? ఇంట్లో ఛార్జింగుకు ఏ జాగ్రత్తలు అవసరం?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి బ్యాటరీని అనుమానించనక్కర లేదు. సరుకుతో కలిపి రెండున్నర టన్నులు తూగే బండి 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికే, మామూలు ప్రయాణపు ఖర్చు కాకుండా, దాదాపు 0.7 యూనిట్ల విద్యుత్తు అదనంగా కావాలి; మోటారులో పోయే నష్టం దీనికి తోడవుతుంది. తిరుగు దారిలో ఘాట్ దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది, అయితే ఖర్చయినదంతా రాదు. చదునైన ఒకే దారిలో, ఒకే బరువుతో, నెలనెలా దూరం తగ్గుతూ వస్తే మాత్రం ఆ వివరాలు రాసిపెట్టి సర్వీసు కేంద్రంలో చూపించండి.

15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు సుమారు మూడు యూనిట్లే ఎక్కుతాయి కనుక, 20 యూనిట్ల బ్యాటరీ నిండడానికి ఆరేడు గంటలు పడుతుంది. అంతసేపు నిండు లోడు మోసే తీగ కాబట్టి మీటరు నుంచి విడిగా లైను వేయించి, ఎర్తింగు సరిచూపించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడడం చాలా ప్రమాదకరం. కడప ఎండల్లో తిరిగొచ్చిన బండిని వెంటనే ప్లగ్గుకు తగిలించకుండా, నీడన చల్లబడనిచ్చి రాత్రి ఛార్జింగు పెడితే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.