బడిలో మాత్ర వేశాక కూడా దురదేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఆగస్టులో బడిలో మా వాడికి నులిపురుగుల మాత్ర వేశారు. నెల తిరక్కుండానే రాత్రిళ్లు మళ్లీ గోక్కుంటున్నాడు. మాత్ర పనిచెయ్యలేదా డాక్టర్ గారూ?

జవాబు: పనిచేసే ఉంటుందమ్మా. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ కడుపులోని పురుగుల్ని చంపుతుంది. కానీ రాత్రిళ్లు ఇలా దురద పెట్టే పిన్‌వర్మ్ అనే సన్న పురుగు గుడ్లు గోళ్ల సందుల్లో, పక్కబట్టల మీద మిగిలిపోతాయిగా! అవి నోట్లోకి పోతే మళ్లీ మొదలు. (అసలు నమిలి మింగాడా? మా మనవడు బుగ్గన పెట్టుకుని గోడ పక్కన ఉమ్మేశాడు.) పిన్‌వర్మ్ గుడ్లు మల పరీక్షలో తరచూ దొరకవు. తెల్లారి కడగకముందే మలద్వారం దగ్గర సెల్లోటేపు అద్ది, గాజుపలక మీద అతికించి ల్యాబ్‌కివ్వండి. తేలితే రెండు వారాల ఎడంతో రెండు డోసులు, ఇంటిల్లిపాదికీ. గర్భిణులుంటే ముందే చెప్పండి. ఏలికపాములు, కొంకిపురుగుల సంగతి వేరు. వాటి మీద మాత్ర పనిచేసిందో లేదో తెలియడానికి మాత్రకు ముందొకసారి, రెండు మూడు వారాల తర్వాత మరోసారి గ్రాము మలంలో గుడ్లెన్నో లెక్కేసి చూస్తారు.