మురీ మిక్చర్ మెత్తబడకుండా

ప్రశ్న: విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) సగం తినేసరికే మెత్తబడుతోంది. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఉప్పు తగలగానే ఉల్లి, టమాటా నీరు వదులుతాయి. మరమరాలు ఆ నీటిని పీల్చేస్తాయి. పైగా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అందుకే మూత లేని డబ్బాలోంచి తీసే బండి దగ్గర అసలు కొనకండి. ముందు నాలుగు మరమరాలు అడిగి కొరికి చూడండి, కరకరలాడకపోతే పక్క బండికి వెళ్లండి. టమాటా తగ్గించి పచ్చిమామిడి తురుము, వేయించిన వేరుశనగ గుళ్లు ఎక్కువ వేయమనండి. ఉప్పు, నిమ్మరసం ఆఖర్నే. పెద్ద పొట్లం పంచుకోవద్దు, మనిషికొకటి చిన్నది చాలు. కలిపిన ఐదు నిమిషాల్లో తినేయాలి. ఇంటికైతే పొడి సరుకు, ముక్కలు, నిమ్మచెక్క విడివిడిగా కట్టించుకోండి. మరమరాలు అప్పటికే మెత్తబడితే పొడి మూకుడులో సన్నని సెగమీద రెండు నిమిషాలు వేపి, చల్లారాక కలపండి. వేడిమీద కలిపితే ఆవిరికి మళ్లీ మెత్తబడతాయి.