ఆటల గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. వీడియో గేమ్‌ల గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు కనిపిస్తే నాకు నిజంగా సంబరం. అందుకే ఊరికే మెచ్చుకుని ఊరుకోకుండా నాకు అనిపించింది అనిపించినట్టే రాస్తున్నాను.

నీ వ్యాసాల్లో ఆట కథ బోలెడంత ఉంది. ఆడిన నువ్వు మాత్రం ఎక్కడో ఒకటి రెండు చోట్ల కనబడ్డావు. హీరో ఎవరు, విలన్ ఎవరు, చివరికి ఏమవుతుంది అన్నది పక్కన కూర్చుని చూసినవాడు కూడా చెప్పగలడు. నీ చేతులు ఆడాయి కదా! ఎక్కడ భయపడి ఆగావు, ఎక్కడ మొండికేసి మళ్లీ మళ్లీ వెళ్లావు, ఎక్కడ విసుగొచ్చి కంట్రోలర్ పక్కన పడేసి లేచిపోయావు? నీ అభిప్రాయం పుట్టింది అక్కడే. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

'డార్క్ సోల్స్' గురించి "చాలా కష్టం, అయినా సూపర్" అని రాసి వదిలేశావు. కష్టం అంటే ఎలాంటి కష్టం? 2011లో వచ్చిన ఆ ఆటలో శత్రువుల్ని చంపి సంపాదించిన సోల్స్ (ఆ ఆటలో డబ్బులాంటివి) అన్నీ మనం చచ్చిన చోటే పడి ఉంటాయి. చివరిసారి కూర్చున్న మంట దగ్గర మళ్లీ లేస్తాం. దారిలో మనం చంపిన చిన్నా చితకా శత్రువులంతా మళ్లీ లేచి నిలబడి ఉంటారు. వాళ్లను దాటుకుని అక్కడిదాకా వెళ్లగలిగితే మన సొమ్ము మనకు దక్కుతుంది, మధ్యలో ఇంకోసారి చస్తే అంతా పోయినట్టే. అందుకే రెండోసారి అదే దారిన నడిచేటప్పుడు చేతులకు చెమటలు పడతాయి. మొదటిసారి పరిగెత్తిన చోట ఈసారి డాలు అడ్డం పెట్టుకుని మూల తిరుగుతాం. ఆ నడకలో వచ్చిన తేడా రాస్తే చాలు, ఆట ఎంత కష్టమో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

దాని పక్కన 2018 నాటి 'సెలెస్టే'ని పెట్టి చూడు. మాడెలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కే ఆట. అదీ కష్టమే, చావులకు లెక్కే ఉండదు. కానీ చచ్చిన మరుక్షణం అదే గదిలో మళ్లీ మొదలవుతాం, పోగొట్టుకునేది ఏమీ ఉండదు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా లిప్తపాటు దూకే అవకాశం ఇస్తుంది. మనం సరిగ్గానే నొక్కామనుకుంటాం, నిజానికి ఆట మన పొరపాటును కప్పిపుచ్చింది. అప్పటికీ చేతకాకపోతే ఆట వేగం తగ్గించుకునే ఏర్పాటు కూడా లోపలే ఉంది. డార్క్ సోల్స్ పోగొట్టుకుంటామన్న భయంతో జాగ్రత్త నేర్పుతుంది, సెలెస్టే పోయేదేమీ లేదన్న భరోసాతో తెగింపు నేర్పుతుంది. నువ్వు రెండింటికీ "కష్టం" అని ఒకే ముద్ర వేశావు. అక్కడ నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే రెండూ నువ్వు పూర్తి చేసిన ఆటలే. ఆ తేడా నీ వేళ్లకు తెలుసు.

'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' బోర్ కొట్టిందన్నావు. కొడితే కొట్టిందని ధైర్యంగా రాయి, దానికి క్షమాపణ చెప్పకు. నాకది ప్రాణం. అందులో మనం ఆడే హీరో ఆర్థర్ ఒక్కో డ్రాయరు తెరిచి, ఒక్కో డబ్బా చేత్తో తీసి సంచిలో వేసుకోవడం, వేటాడిన జంతువును భుజాన మోసుకొచ్చి గుర్రం మీద వేయడం, సొంత శిబిరంలో పరిగెత్తనివ్వకపోవడం, ఇవన్నీ నాకు నచ్చాయి. సరిగ్గా అవే నీకు చిరాకు తెప్పించి ఉంటాయి. ఏ పని దగ్గర నీ ఓపిక అయిపోయిందో చెప్పు. అప్పుడు నాలాంటివాడు కూడా నీతో పోట్లాడకుండా తలూపుతాడు. సగంలో ఆపేసిన ఆట గురించి రాయకూడదని ఎవరో నీతో అన్నారట. రాయొచ్చు. ఎంతవరకు ఆడావో ముందే చెప్పేస్తే ఏ గొడవా ఉండదు.

పబ్జీ వ్యాసం సగానికి పైగా నిషేధాల చరిత్రే. 2020 సెప్టెంబరులో ఆగిపోవడం, 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో రావడం, మరుసటి ఏడాది మళ్లీ ఆగి 2023 మేలో తిరిగి మొదలవడం అందరికీ తెలిసిందే, రెండు వాక్యాలు చాలు. నాకు కావలసింది నీ స్క్వాడ్, అంటే నీతో జట్టుగా ఆడినవాళ్లు. కలిసి చదువుకున్న నలుగురు తలో ఊరికి ఉద్యోగాలకు వెళ్లాక, రాత్రి భోజనాలయ్యాక మైకు ఆన్ చేసి ఆట మ్యాప్‌లోని పొచింకీ ఊళ్లో దిగుదామా వద్దా అని వాదించుకోవడం ఉంది చూడు, అది రాయి. ఒకడు దెబ్బతిని నాక్ అయి పాకుతుంటే తుపాకీ దించేసి వాడి పక్కన కూర్చుని రివైవ్ చేసి లేపేవాడెవడు, దొరికిన లూట్ (సామాన్లు) చూసుకుని ప్రమాదం లేని జోన్‌లోకి పరిగెత్తేవాడెవడు? స్నేహితుల గురించి ఆ ఆట చెప్పినంత నిక్కచ్చిగా ఇంకేదీ చెప్పదు.

ఇంకో చిన్న సంగతి. ఏ ఫోన్ మీద, ఏ కంప్యూటర్ మీద ఆడావో తప్పకుండా చెప్పు. మన పాఠకుల్లో చాలామందికి ఫోనే ఆటబొమ్మ. ఎన్ని జీబీలు దించుకోవాలి, అరగంటకే ఫోన్ వేడెక్కుతుందా, నెట్ లేకపోయినా ఆడొచ్చా అన్నది వాళ్లకు ముఖ్యం. 10కి 8, 10కి 9 అని మార్కులు వేయడం మానెయ్. మార్కు కనబడితే మిగతాది ఎవరూ చదవరు.

ఇక నువ్వింకా ఆడని ఒక ఆట పేరు చెప్తాను. 'పేపర్స్, ప్లీజ్'. లూకస్ పోప్ అనే ఆయన తయారుచేశాడు, 2013లో వచ్చింది. 1982లో అర్స్‌టోట్స్కా అనే కల్పిత దేశం సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగం మనది. బల్ల ఇరుకు, కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. తేదీ, పేరు, ఫోటో, ముద్ర అన్నీ సరిచూసి ఆకుపచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేయాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. తప్పులు పెరిగితే జీతంలో కోత పడుతుంది. రాత్రికి ఇంటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం, జబ్బుచేస్తే మందులు, అన్నీ ఆ డబ్బుల్లోంచే.

ఒకరోజు ఒకాయన కాగితాలన్నీ సరిగ్గా తెస్తాడు. వెనకే తన భార్య వస్తోందని, కాస్త చూడమని చెప్పి వెళ్తాడు. ఆవిడ దగ్గర ప్రవేశ అనుమతి కాగితం ఉండదు. ఏం చేస్తావు? అమెరికా వీసా ఇంటర్వ్యూ రోజు ఫైలు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లు, వాళ్ల కోసం ఇంట్లో టెన్షన్ పడ్డవాళ్లు మన తెలుగువాళ్లలో ఎంతమంది! ఈ ఆట మనల్ని అద్దానికి అవతల కూర్చోబెడుతుంది. గడియారం తిరుగుతుంటే ఎదుటి మనిషి ముఖం చూడటం మానేసి తేదీలు మాత్రమే చూడటం మొదలుపెడతాం. ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో ఆడేటప్పుడు మనకే తెలియదు.

ఇది ఆడు. ఆ భార్యకు నువ్వు ఏ ముద్ర వేశావో, అప్పుడు నీ ఇంట్లో ఎవరు జబ్బుపడి ఉన్నారో, చేతిలో ఎంత డబ్బుందో రాసి పంపు. ఆడిన రాత్రే రాయి, మర్నాటికి సగం మర్చిపోతావు. డార్క్ సోల్స్ వ్యాసం కూడా తిరగరాసి దానితో కలిపి పంపిస్తే సంక్రాంతి సెలవుల్లో కూర్చుని రెండూ చదువుతాను.

ప్రేమతో,
అన్నయ్య