కోనసీమకు కాపురం మార్చే ముందు ఊరి నీళ్ళ సంగతి తెలుసుకోండి

హైదరాబాదులో భార్యాభర్తలిద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, మూడో తరగతి చదివే పాప, ఇప్పుడే బడి మొదలుపెట్టిన బాబు, అమలాపురం దగ్గర తాతగారి పెంకుటిల్లు, ఎకరంన్నర కొబ్బరితోట. ఇవన్నీ చెప్పి, అక్కడికి వచ్చేస్తే పిల్లలు ఇమడగలరా, ఎలాంటి ఇబ్బందులు ఎదురవుతాయి అని మీరు నన్ను అడిగారు. మేము కూకట్‌పల్లి నుంచి వచ్చి అంబాజీపేట వైపు ఒక పల్లెలో స్థిరపడ్డాము. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. కాబట్టి మా అనుభవంలోంచి చెబుతున్నాను.

పిల్లలు ఇమడగలరు. ఆ భయం వదిలేయండి. పెద్దవాళ్ళకే సమయం పడుతుంది.

ఊరికి రావాలనుకునే వాళ్ళు నన్ను మొదట అడిగేవి ఇంటర్నెట్, బడి, ఆసుపత్రి. ఈ మూడింటికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. ఎవరూ అడగనిది నీళ్ళ గురించి. గోదావరి జిల్లా అంటే నీళ్ళకు కొదవేమిటి అనుకుంటారు. నీళ్ళు ఎక్కువ ఉన్నచోటే వాటి సంగతి ఎక్కువ తెలిసి ఉండాలి. ఇక్కడ వంట, పంట, పెళ్ళి, ప్రయాణం అన్నీ నీళ్ళు ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు ఆగుతాయి, ఎటు పోతాయి అన్న లెక్క మీదే నడుస్తాయి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటికీ సముద్రానికీ మధ్య ఉన్నదే కోనసీమ. వశిష్ఠ నుంచి విడిపోయిన వైనతేయ మధ్యలోంచి పోతుంది. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఈ భూములను మాగాణిగా మార్చాయి. ఇప్పుడు ఆ ఆనకట్ట స్థానంలో బ్యారేజీ ఉంది. మీ తాతగారి తోటకు తడి అందేది అక్కడి నుంచే. ఆ కాలువలను ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట, అయిపోగానే కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో సార్వాకు, అంటే తొలకరి పంటకు, వదులుతారు. ఆ మధ్య రోజుల్లో చాలా ఊళ్ళలో తాగునీరు పంచాయతీ చెరువులో నింపి ఉంచిన నీరే. కాలువ కట్టేసే లోపల చెరువు నిండిందా లేదా అన్నది ఊరందరికీ పట్టింపే. మా పక్కింటి పిన్నిగారు మేము వచ్చిన మొదటి వేసవిలోనే, "అమ్మాయీ, కాలువ కట్టేస్తున్నారు, నీ డ్రమ్ములు కడిగి నింపుకో" అని గుమ్మంలో నిలబడి చెప్పి, నేను నింపేదాకా కదలలేదు.

బోరు వేయించుకుంటే సరిపోతుంది అనుకోకండి. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ భూమిలో నీరు ఉప్పగా ఉంటుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో ఇది మరీ ఎక్కువ. ఇసుక నేలల్లో పైపొర నీళ్ళు తియ్యగా ఉండి, లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. ఒకే ఊళ్ళో ఒక వీధి చేతిపంపు నీళ్ళు తాగవచ్చు, ఇంకో వీధిలో పప్పు కూడా ఉడకదు. మీ తాతగారి ఇంటి నూతి నీళ్ళను ఏప్రిల్ చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయించండి. ఈ రెండు ఫలితాలూ చూశాకే ఇంటి మరమ్మతులకు డబ్బు ఖర్చు పెట్టండి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులు ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. స్నానానికి, బట్టలకు, పాదులకు టిన్నులు చాలవు కదా.

తర్వాత చూడవలసింది ఇల్లు ఏటిగట్టుకు లోపల ఉందా, బయట ఉందా అన్నది. గట్టు దాటి ఏటి వైపు ఉన్నవి లంక గ్రామాలు. అక్కడి నేల బంగారం, కూరగాయలు, అరటి విరగకాస్తాయి. కానీ జులై, ఆగస్టుల్లో వరద వస్తే దారులు మునుగుతాయి, రాకపోకలు పడవల మీదే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో అది 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, ఆ వరద గురించి ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు చెబుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు అక్కడ ఇచ్చే హెచ్చరికలను మా ఊరు ముందే చెవిన వేసుకుంటుంది. ఆ నీరు ఇక్కడికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. పశువులను గట్టెక్కించడానికి, బియ్యం, మందులు, పిల్లల పుస్తకాలు అటక మీద పెట్టుకోవడానికి ఆ వ్యవధే ఆధారం. మీ ఇల్లు గట్టుకు ఇవతల ఉంటే ఏటి వరద భయం తక్కువే. అయినా ఇంటి అరుగు ఎంత ఎత్తులో ఉంది, 1986లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అని చుట్టుపక్కల వయసు మళ్ళిన వాళ్ళను అడగండి. గోడ మీద గీత చూపించి మరీ చెబుతారు.

మూడోది మురుగు కాలువ. నాకు మనసు మండేది ఈ విషయంలోనే. పంట కాలువ గురించి అందరూ మాట్లాడతారు, నీళ్ళు బయటకు పోయే దారి గురించి ఎవరూ మాట్లాడరు. డ్రెయిన్ల నిండా గుర్రపు డెక్క పేరుకుపోయి అక్టోబరు, నవంబరు వానలకు చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. ఈనిన వరి కళ్ళముందే కుళ్ళిపోతుంటే రైతు ముఖం చూడలేము. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ఈ ముంపు కూడా వాళ్ళ గోడే. మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి మోడులైపోయాయి. మీ తోట ఏ డ్రెయిన్ కింద ఉందో, ఆ డ్రెయిన్ ఎక్కడ ఏట్లోనో సముద్రంలోనో కలుస్తుందో కనుక్కోండి.

తోట మీద బతుకుతాము అనే ఆలోచన ఉంటే మాత్రం వద్దంటాను. ఎకరానికి అరవై చెట్లు అటూ ఇటూగా ఉంటాయి. రెండు నెలలకు ఒకసారి దింపు, అంటే కాయలు కోయడం. దింపు తీసేవారి కూలీ, ఒలుపు కూలీ, ఎరువు పోగా మిగిలేది అంబాజీపేట మార్కెట్‌లో ఆ వారం కాయ ధర మీద ఆధారపడుతుంది. చెట్టెక్కే వాళ్ళు కూడా తగ్గిపోతున్నారు. తెల్లదోమ, నల్లి, కొమ్ము పురుగు ఉండనే ఉన్నాయి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, ఆకు పట్టుకుని వెళితే శాస్త్రవేత్తలు చూసి చెబుతారు. చెట్ల మధ్య కోకో, కంద, అరటి వేస్తే కొంత ఊరట. మీ ఉద్యోగాల్లో కనీసం ఒకటైనా ఇంటి నుంచి చేసుకునే వీలు ఉంచుకోండి. ఇప్పుడు ఆ తోట కౌలుకు చేస్తున్న వారు ఉంటే ఒక ఏడాది ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. ఎన్నో ఏళ్ళుగా ఆ చెట్లను కాపాడినవారు వాళ్ళు. ఉన్నట్టుండి ఖాళీ చేయమనడం ధర్మం కాదు. మేము మా తోటను పాత కౌలు రైతుకే ఉంచి, ఇంటి వెనక భాగం మాత్రం తీసుకున్నాము. నాకు తెలిసినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఇక పిల్లలు. మా అమ్మాయికి వచ్చేనాటికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం కూడబలుక్కునేది. ఇక్కడి రాష్ట్ర సిలబస్ బడుల్లో తెలుగు మొదటి భాష. మొదటి ఏడాది అత్తగారు రోజూ సాయంత్రం దినపత్రిక చదివించారు, అంతే, గాడిలో పడింది. మీ పాప మూడో తరగతిలో ఉంది కనుక ఇదే మంచి సమయం. ఒక విషయం గుర్తుంచుకోండి. పై చదువుల్లో స్థానికతను ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారు అన్నదాన్ని బట్టి చూస్తారు. పదో తరగతి దాకా వాయిదా వేసి అప్పుడు రాష్ట్రం మార్చితే పిల్లలు రెంటికీ చెడే ప్రమాదం ఉంది.

బడి కంటే ముందు ఈత నేర్పించండి. దీన్ని ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా చెబుతున్నాను. ప్రతి వీధి పక్కన కాలువో, బోదెయో, చెరువో ఉంటుంది. ఊరి పిల్లలు వాటితోనే పెరుగుతారు, వాళ్ళకు లోతు తెలుసు, వడి తెలుసు. నగరం నుంచి వచ్చిన పిల్లలకు ఆ తెలివి ఉండదు, వాళ్ళతో సమానంగా దూకాలన్న ఉత్సాహం మాత్రం ఉంటుంది. మావారు ఎండు కొబ్బరికాయలు నడుముకు కట్టి చెరువులో నేర్పించారు. పెద్దలు లేకుండా రేవులోకి దిగకూడదన్న మాట మాత్రం మా ఇంట్లో ఈ రోజుకీ మారలేదు. పాములు కూడా ఉంటాయి. చీకటి పడ్డాక టార్చిలైటు, చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్ళవద్దు. కరిస్తే మంత్రం, కట్టు అని ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి. దోమల గురించి చెప్పనక్కరలేదు, బోదకాలు వ్యాధి ఈ ప్రాంతాన్ని తరాలుగా పీడించింది. కిటికీలకు జాలీ, మంచాలకు తెర తప్పనిసరి.

ఇంటర్నెట్‌కు ఫైబర్ కనెక్షన్, దానికి తోడు వేరే కంపెనీ సిమ్, ఇన్వర్టరు పెట్టుకోండి. తుఫాను గాలి వేసిన రోజు కరెంటు ఉండదని మీ ఆఫీసులో ముందే చెప్పి ఉంచండి. ఇంటి మీదకు వంగిన కొబ్బరిచెట్టు ఏదైనా ఉంటే ప్రేమగా పెంచినదైనా తీయించేయండి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను లక్షల కొబ్బరిచెట్లను పడగొట్టింది. ఆ రాత్రి గురించి అత్తగారు మాట్లాడితే ఇప్పటికీ గొంతు వణుకుతుంది.

మనుషుల విషయం. వచ్చిన కొత్తలో ప్రతివాళ్ళూ "మీరెవరి తాలూకండీ?" అని అడుగుతారు. జీతమెంత, రెండో కాన్పు ఎక్కడ, అత్తగారు మీ దగ్గరే ఉంటారా, అన్నీ అడుగుతారు. నాకు మొదట్లో ఊపిరాడలేదు. ఫోను చేయకుండా పెరటి గుమ్మంలోంచి లోపలికి వస్తారు, మీరు మీటింగులో ఉన్నా సరే. పని వేళలు చెప్పి, ఆ సమయంలో పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంచితే అర్థం చేసుకుంటారు. అయితే ఆ అడిగిన వాళ్ళే మా బాబుకు జ్వరం ముదిరిన అర్ధరాత్రి కారు తీసి అమలాపురం తీసుకువెళ్ళారు. ఒక వాటా పనసపొట్టు వస్తే గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఊళ్ళో ఎవరు పోయినా వెళ్ళి కూర్చోవాలి, పెళ్ళికి ముందురోజే వెళ్ళి చెయ్యి వెయ్యాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రుల (పదకొండు ఊళ్ళ శివుళ్ళ) ప్రభలు, అంటే వెదుళ్ళు, రంగుల బట్టలతో కట్టిన ఎత్తైన అలంకారాలు, కాలువల్లోంచి, చేలల్లోంచి భుజాల మీద మోసుకుని వస్తుంటే మీ పిల్లలను ఊరి వాళ్ళతో పంపండి. మావారు ప్రభ మొయ్యడానికి భుజం పట్టిన ఏడాది నుంచి మమ్మల్ని ఎవరూ హైదరాబాదు వాళ్ళు అనలేదు.

మీకు చేదుగా తగిలే మాట కూడా ఒకటి ఉంది. ఎవరు ఏ వీధిలో ఉంటారు, ఎవరి ఇంట్లో ఎవరు భోజనం చేస్తారు అన్న కులం గీతలు పల్లెలో ఇంకా ఉన్నాయి. మీ పిల్లలు ఎవరి ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళినా, ఎవరి పిల్లలు మీ ఇంటికి వచ్చినా ఒకేలా చూడండి. మొదటి నెలలోనే అలా చేస్తే ఊరు దాన్ని మీ పద్ధతిగా ఒప్పుకుంటుంది. ఆలస్యం చేస్తే తర్వాత మార్చుకోవడం కష్టం.

నిర్ణయం తీసుకునే ముందు రెండుసార్లు వచ్చి కనీసం వారం చొప్పున ఉండండి. కాలువలు కట్టేసిన ఏప్రిల్ చివర ఒకసారి, వరద రోజుల్లో ఆగస్టులో ఒకసారి. సంక్రాంతికి వచ్చి చూసి నిర్ణయించుకోవద్దు, అప్పుడు ప్రతి ఊరూ అందంగానే ఉంటుంది. పిల్లల టీసీలు పరీక్షలు అయ్యాక తీసుకుంటే జూన్‌లో ఇక్కడి బడుల్లో చేర్చవచ్చు. మే నెలలో ఇంటి దూలాలకు చెద పట్టిందేమో చూసి, పెంకు నేయించుకోండి. మే దాటి వానలు మొదలైతే ఆ పనివారు దొరకరు.