తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు, జలుబు మాత్రం వస్తూనే ఉంటుంది. ఎందుకు?

తట్టు వైరస్‌ను గుర్తుపట్టే లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) జబ్బు తగ్గాక కూడా ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి కాబట్టి అది మళ్లీ రావడం చాలా అరుదు.

ఒక్కో లింఫోసైటు మీద ఒకే రకం ఆకారానికి అతికే గ్రాహకాలు (క్రిమి భాగాన్ని పట్టుకునే అణువులు) ఉంటాయి. లింఫోసైట్లలో బి కణాలు, టి కణాలు అని రెండు ముఖ్య రకాలు. బి కణం వైరస్‌ను నేరుగా పట్టుకోగలదు. టి కణానికి ఆ వీలు లేదు. వైరస్ సోకిన కణం లోపలి ప్రోటీన్ ముక్కను ఎంహెచ్‌సీ అనే అణువులో పెట్టి బయటికి చూపిస్తేనే దానికి తెలుస్తుంది. ఆకారం కుదిరిన కణం విడిపోతూ వేల కణాలవుతుంది. మొదటిసారి దీనికి వారం, పది రోజులు పడుతుంది. మనం మంచం పట్టేది ఈ ఆలస్యం వల్లే. ఆ వేల కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి, రెండోసారి అవి వెంటనే పనిలోకి దిగుతాయి.

1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు విజృంభించినప్పుడు, 1781లో అది వచ్చి తగ్గిన ముసలివాళ్లకు మళ్లీ సోకలేదని పానుమ్ అనే డెన్మార్క్ డాక్టర్ గమనించాడు. అరవై అయిదేళ్ల జ్ఞాపకం!

జలుబుకు కారణమయ్యే వైరస్‌లు 200కు పైనే. ఒకదాన్ని గుర్తుపెట్టుకున్నా ఇంకొకటి కొత్తదే.

క్రిమిని చూశాకే శరీరం దానికి తగ్గ గ్రాహకాన్ని తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. జన్యువుల ముక్కలు పేకముక్కల్లా కలిసి కోట్ల రకాల గ్రాహకాలు ముందే తయారై ఉంటాయి. క్రిమి వచ్చాక వాటిలో సరిపోయేది బయటపడుతుంది, అంతే.